పావురాల గూటి రంగు

మా ఎనిడ్‌కి మతిమరుపు మొదలైన ఏడాది, ఇంటికొచ్చే నర్సు ఒక మాట చెప్పింది. పాత వస్తువులు కళ్ళముందు పెడుతూ ఉంటే కొన్నాళ్ళపాటైనా మనుషుల్ని గుర్తుపడతారట. మా ఇంట్లో పాత వస్తువంటే ముందు నేను. నా తర్వాత, షెడ్డులో టార్పాలిన్ పట్టా కింద ముప్ఫై ఏళ్ళుగా పడున్న జేమ్స్ కంపెనీ మోటారుసైకిలు. పందొమ్మిది వందల యాభై రెండో సంవత్సరం బండి. పెళ్ళికి ముందు ఎనిడ్‌ని వెనక ఎక్కించుకుని మా డడ్లీ ఊరంతా తిరిగింది దానిమీదే. ఆమె నన్ను పూర్తిగా మరిచిపోయేలోపు, ఇంకొక్కసారి కాలువ గట్టు దాకా తీసుకెళ్ళాలి. నాకున్న కోరిక అదొక్కటే.

బండి ఆకుపచ్చగా ఉండేది. నేను కొన్నప్పటికే తుప్పు పట్టిపోయి ఉంటే, మామగారు పావురాల గూటికి వేసి మిగిల్చిన రంగు డబ్బా తెచ్చి, నేనూ ఎనిడ్ చెరో కుంచె పట్టుకుని ఒక ఆదివారం పూసేశాం. ట్యాంకు మీద రంగు కారి, కారినచోటే ఎండిపోయింది. ఇద్దరికీ అదేం పట్టలేదు.

పట్టా తీసి చూపిస్తే మా పాత బళ్ళ క్లబ్బు పెద్దమనిషి హోరెస్ టిబ్బెట్స్ ముఖం చిట్లించాడు.

"ఇదేం రంగురా క్లిఫ్? ఫ్యాక్టరీవాళ్ళు ముదురు ఎరుపులో పంపిస్తే నువ్వు గడ్డి పూశావా? పాత బళ్ళ పోటీలో జడ్జీలు దీన్ని గేటు కూడా దాటనివ్వరు."

"ఎనిడ్ కోసం బాగుచేస్తున్నాను. పోటీకి కాదు."

"చేసేదేదో సరిగ్గా చెయ్యి మరి. ఆమెకి మాత్రం కొత్త బండి మీద తిరగాలని ఉండదా?"

ఆ మాట నా తలకెక్కింది. మా క్లబ్బువాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. బండి చేతికొస్తే చాలు, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు ఎలా ఉందో అలా ఉండాలంటాం. బోల్టు తల వేరే ఏడాదిదైతే మాకు అన్నం సహించదు. ఆ తర్వాత దాన్ని నడిపినవాళ్ళ సంగతి మాకెందుకు?

రంగు ఊడదీసే మందు రాసి ట్యాంకు గీకుతుంటే ఎనిడ్ టీ కప్పుతో షెడ్డు గుమ్మంలోకొచ్చింది. అప్పటికింకా నన్ను బాగానే గుర్తుపట్టేది.

"ఎందుకు గీకేస్తున్నావ్? మనం వేసింది కదా అది."

"అసలు రంగు అది కాదే. నీకు తెలీదు, లోపలికెళ్ళు."

"నాకు తెలుసు. సగం నేనే వేశాను."

"వెళ్ళమన్నానా? పనిలో ఉన్నాను."

కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నేనన్న ఆ మాట ఇప్పుడు నాకు కత్తిలా దిగుతోంది.

పద్నాలుగు నెలలు పట్టింది. పిస్టన్ రింగుల కోసం ఊళ్ళు తిరిగాను. ట్యాంకు అంచు మీది బంగారు గీత మూడుసార్లు చెరిపి గీయించాను. ఆ పద్నాలుగు నెలలూ పక్కింటావిడ ఎనిడ్ దగ్గర కూర్చుంది. కూర్చోవాల్సినవాణ్ణి నేను. నాకు బుద్ధి లేకపోయింది.

జూన్‌లో పెట్రోల్లో ఆయిలు కలిపి పోసి తన్నితే, రెండో తన్నుకే బండి అందుకుంది. ఎనిడ్‌ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ముదురు ఎరుపు ఎండలో ధగధగలాడుతోంది. మర్యాదగా చూసింది.

"బాగుంది. ఎవరిదండీ?"

"మనదే ఎనిడ్."

"కాదండీ. మాది ఆకుపచ్చ."

లోపలికి వెళ్ళిపోయింది. నేను షెడ్డులో కూర్చుని ఏడ్చాను. మర్నాడు పొద్దున్నే హార్డ్‌వేర్ షాపుకెళ్ళి, గూళ్ళకీ కంచెలకీ వేసే ఆకుపచ్చ రంగు డబ్బా, రెండంగుళాల కుంచె కొన్నాను. పద్నాలుగు నెలల ఎరుపు మీద చేతికొచ్చినట్టు పూసేశాను. రంగు కారుతుంటే కారనిచ్చాను. హోరెస్ వచ్చి చూసి, "నీకు పిచ్చెక్కింది" అన్నాడు. శవం దగ్గర తీసినట్టు టోపీ తీశాడు.

రంగు ఆరాక మళ్ళీ ఎనిడ్‌ని పిలిచాను. నేను సీటు మీద కూర్చునే ఉన్నాను, ఇంజను నడుస్తోంది, నీలం పొగ వస్తోంది. ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. పరుగులాంటి నడకతో వచ్చి ట్యాంకు తడిమింది.

"ఇది క్లిఫ్ బండి! మా నాన్న పావురాల గూటి రంగు. సగం నేనే వేశాను."

"అవునే, నువ్వే వేశావు. ఎక్కు. కాలువ దాకా వెళ్దాం."

చెయ్యి వెనక్కి తీసుకుని నా వంక చూసింది.

"మీరెందుకు ఎక్కారు దీన్ని?"

"నేనే ఎనిడ్. క్లిఫ్‌ని."

నా నెత్తి మీది తెల్లజుట్టు, నా చేతులు, నా ముఖం ఓపిగ్గా పరకాయించి చూసింది. తర్వాత పసివాడితో చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"క్లిఫ్‌కి ఇరవై మూడేళ్ళండీ. మీరు మీ బండే అనుకుని ఎక్కినట్టున్నారు. దిగండి, ఫర్వాలేదు. తను వచ్చే వేళయింది."

ఇంజను ఆపి దిగాను. బండిని స్టాండు మీద నిలబెట్టాను. ఆమె సీటు మీద చెయ్యేసి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

"నేనూ ఇక్కడ నిలబడొచ్చా?" అని అడిగాను.

"నిలబడండి. మంచివాడే, ఏమీ అనడు. కాస్త నోటి దురుసు, అంతే."

భోజనాల వేళ దాకా ఇద్దరం గేటు దగ్గరే అతని కోసం ఎదురుచూశాం.