అక్క దాచిన గుర్తులు

అక్క తమ్ముడి చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీ పెట్టె ఆనించిందో లేదో, ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. బాయిలరు నివేదిక ఊరందరి ఫోన్లలోకీ పాకిపోయిందట. ముగ్గురు కార్మికులు కాలిపోవడానికి ముందే బాయిలరు పాడైందని కంపెనీకి తెలుసని అందులో ఉంది. బయటికి పోయింది ఎవరి కాపీయో వెంటనే తేల్చమన్నాడు.

తేల్చగలిగేది ఆ ఆఫీసు టైపిస్టయిన ఆమె ఒక్కతే. కంప్యూటరు రాతలో కంటికి కనబడని గుర్తులు కొన్ని ఉంటాయి. ఏ అక్షరం పక్కదానితో కలవాలో, ఏది విడిగా నిలవాలో చెప్పడం వాటి పని. మేనేజరు చెప్పాడని వాటిని, నివేదిక అందుకునే ఒక్కొక్కరి కాపీలో ఒక్కోచోట, చూపుకి తేడా తెలియకుండా దాచిపెట్టింది. ఎందుకని అడగలేదు.

ఇప్పుడు తన ఫోనుకూ వచ్చిన ఆ రాతను ఇంట్లో కంప్యూటరులో తెరిచి గుర్తులు వెతికింది. రెండో పేరా మొదట్లో ఒకటి, ఆఖరి వాక్యం వెనక ఒకటి. సూపర్‌వైజరుకిచ్చిన కాపీ. సూపర్‌వైజరు ఆమె తమ్ముడే.

ఇంతలో మళ్లీ మేనేజరు ఫోను. స్టోర్‌కీపరు కాపీ అని చెప్పి పెట్టేసింది.

తమ్ముడు తల తుడుచుకుంటూ వచ్చాడు. దొరికిపోయావురా అంటే మొదట నవ్వాడు.

"నా పేరు తీసేశాగా. ఫొటో తీస్తే వెనక గోడ పడుతుందని, రాత మాత్రమే కాపీ చేసి పంపాను."

"ఫొటో తీసినా బతికిపోయేవాడివి. రాత ఎక్కడికి పోతే ఆ గుర్తులూ అక్కడికే పోతాయి."

"పెట్టిందెవరు?"

"నేనే."

"భలేదానివే అక్కా! నన్ను పట్టివ్వడానికి బయటివాళ్లు దేనికి, నువ్వుండగా!"

నీ జోలికి ఎవరూ రారని, స్టోర్‌కీపరుదని చెప్పానని గబగబా అనేసింది. అతని చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"కాలిపోయినవాళ్లలో ఆయన అల్లుడున్నాడు."

"అందుకేరా, మేనేజరు మారు మాట్లాడకుండా నమ్మాడు."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది. నీకేమైనా అయితే నాకెవరున్నారంది. ఆ పెద్దాయన్ని రెండు ప్రశ్నలడిగి వదిలేస్తారులే అంది. వదలరని ఇద్దరికీ తెలుసు. గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

తమ్ముడు తడి తలతోనే చొక్కా తగిలించుకున్నాడు. ఆమె చేతిని మెల్లగా పక్కకు తీసి, ఫ్యాక్టరీ దారి పట్టాడు.