మెట్ల దగ్గర అడిగే మాట

ఈ మహానగరానికి కొత్తగా వచ్చినవాళ్లు ముందు చూసేది మా మేడనే. మాది అంటే నాదేం కాదు, వచ్చినవాళ్లకు దాని కథ చెప్పడం నా ఉద్యోగం. ఓ నూలు వ్యాపారి కట్టించాడు. కొడుకులు, కోడళ్లు, మనవలతో కిటకిటలాడేది. వాటాల గొడవలొచ్చి తలో దిక్కూ పోయారు. చివరికి ఆయన భార్య ఒక్కతే మిగిలింది. పొద్దుగూకగానే అన్ని గదుల్లోనూ దీపాలు పెట్టించేదట, ఇంటినిండా జనం ఉన్నారని వీధి అనుకోవాలని.

ఈ ముక్క మెట్ల దగ్గర చెప్పి, "మరి మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడగడం నాకు అలవాటు. కొందరు అత్తగారి మీద చాడీలు కూడా చెప్పేవాళ్లు. అంతా విని "మంచిదే, పదండి పైకి" అనేదాన్ని. మా ఆయన పోయాక నాతో ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడేది అక్కడే.

పోయినేడు నా కథను రికార్డు చేశారు. ఇప్పుడు టిక్కెట్టుతోపాటు హెడ్‌ఫోన్లు ఇస్తున్నారు. నన్ను మెట్ల పక్కన కుర్చీలో కాపలా కూర్చోబెట్టారు. "గొంతు పనిచేస్తుంటే నువ్వు కూర్చుని తింటున్నావు, అదృష్టమంటే నీదే" అంటుంది మా చెల్లెలు. దాని మొహం.

అలవాటు కొద్దీ రికార్డింగులోనూ ఆ ప్రశ్న అడిగేశాను. జవాబు కోసం ఆగాను కూడా. రికార్డు చేసినవాళ్లెవరూ గమనించలేదు. ఇక జనం మెట్ల దగ్గర నిలబడి గాలికి జవాబులు చెప్పడం మొదలుపెట్టారు.

"నేనూ, అమ్మా, ఇద్దరు తమ్ముళ్లూ" అందొకమ్మాయి.

"అమ్మ బాగుందా?" అన్నాను పక్కనుంచి. చెవులు మూసుకున్నదానికి ఏం వినిపిస్తుంది? నావైపు చూడకుండానే పైకి వెళ్లిపోయింది. నా గొంతు మీద నాకే కడుపుమంటగా ఉండేది.

ఇవాళ మేనేజరు వచ్చాడు.

"అక్కా, ఆ ప్రశ్న తీసేస్తున్నాం. జనం మెట్లకి అడ్డంగా ఆగిపోతున్నారు. రేపట్నుంచి ఉండదు."

"తీసెయ్ నాయనా, పీడా పోతుంది" అన్నాను.

మూసే వేళ అందరూ వెళ్లాక మొదటిసారి హెడ్‌ఫోన్లు నేను పెట్టుకున్నాను. గుమ్మం దగ్గర్నుంచి, చెవిలో కథ చెబుతున్న ఆమె వెంట నడిచాను. మెట్ల దగ్గర దీపాల సంగతి చెప్పింది. మీ ఇంట్లో ఎవరెవరుంటారని ఎంతో ఆప్యాయంగా అడిగింది.

"నేనొక్కదాన్నే" అన్నాను.

ఆమె కాసేపు ఆగింది.

"మంచిదే, పదండి పైకి" అంది.