మెట్ల మీద జారిన చేతులు

"ఇంట్ల మెట్ల మీద జారిండు మేడమ్," అన్నాడు జితేందర్. ఆబిడ్స్‌లో ఒక బట్టల గోదాముకు సూపర్‌వైజర్ అతను. రెండు నెలల్లో నాంపల్లిలోని మా దవాఖానకు అతను తెచ్చిన మూడో మనిషి ఈ గట్టయ్య. మూడుసార్లూ కుడిచెయ్యే, మూడుసార్లూ మెట్లే.

నేను క్యాజువాలిటీ డాక్టర్‌ని, నా చెవిలో పువ్వేం లేదు. మెట్ల మీద జారితే మోచెయ్యో నడుమో దెబ్బతింటుంది. నాలుగు వేళ్లూ ఒకే గీతలో నలగవు, గోళ్ల కింద నల్లటి గ్రీజు ఉండదు. అయినా మొదటి ఇద్దరికీ వాళ్లు చెప్పిందే రాసుకుని ఊరుకున్నాను. రద్దీ అని సర్దిచెప్పుకున్నాను గానీ అది ఒట్టి బద్ధకం. తలచుకుంటే సిగ్గేస్తుంది.

మందులు తెమ్మని జితేందర్‌ను బయటికి పంపాను.

"నిజం చెప్పు గట్టయ్యా. గోదాములో సామాన్ల లిఫ్టులో నలిగిందేనా?"

"మెట్లే మేడమ్." తల ఎత్తలేదు.

"లిఫ్టని చెబితే మెడికో లీగల్ కేసు రాస్తాను. పోలీసులొస్తారు, బాగుచేసేదాకా దాన్ని ఆపిస్తారు. ఇంకొకరి చెయ్యి పోదు."

"పోలీసులొస్తే సేటు నన్ను పెట్టుకుంటడా? మీకేంది మేడమ్, సర్కారు నౌకరి."

ఒళ్లు మండింది. కానీ అతనన్నది అబద్ధం కాదు. కట్టు కడుతూ మాట మార్చాను.

"ఇంటివాళ్లెవరూ రాలేదేం?"

"మా పోశవ్వ నా జాగల నిలవడ్డది. మా గోదాంల గట్లనే. దెబ్బ తాకినోని జాగల ఇంటోళ్లు నిలవడకుంటే వేరేటోన్ని పెట్టుకుంటరు."

నా చేతులు ఆగిపోయాయి. "నీ జాగా అంటే ఎక్కడ?"

గట్టయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు. భార్య పనికి పోయిందనే అనుకున్నాడు గానీ, ఎక్కడ నిలబడుతుందో అంతవరకు అతనికి తట్టలేదు.

"లిఫ్టుకు తలుపు లేదు మేడమ్. లోపట నిలవడి మూట గోడకు తాకకుంట చేతితోని ఆపాలె." నా కోటు పట్టుకున్నాడు. "రాసుకోండ్రి, లిఫ్టే. ముందుగాల దానికి ఫోన్ చెయ్యుండ్రి!"

అతను చెప్పిన నంబరు కలిపాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. గట్టయ్య మంచం దిగబోతే నర్సు పట్టుకుంది. మూడోసారికి పోశవ్వ ఎత్తింది.

"దవాఖాన నుంచి డాక్టర్‌ని. ముందు లిఫ్టు దిగు పోశవ్వా!"

"ఏమైంది? మా ఆయన మంచిగున్నడా?"

"బాగున్నాడు. నువ్వు దిగు."

గరగరమని చప్పుడు. ఎవరో అరుస్తున్నారు. ఫోన్‌ను చెవికి నొక్కి పట్టాను.

"దిగిన మేడమ్," అంది చివరికి.

గట్టయ్య ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. హమ్మయ్య అనుకుంటూ రిజిస్టరు ముందుకు లాక్కున్నాను.

"గానీ పని ఆగదు గద," అంది పోశవ్వ. "నాతోని చేసే సమ్మక్కను ఎక్కించిన్రు."

లిఫ్టు పైకి కదిలిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. కట్టు నర్సుకు వదిలేసి, గేటు దగ్గరున్న పోలీసు ఔట్‌పోస్టుకు పరిగెత్తాను.