గొట్టం మీద కుండ

లక్ష్మీనర్సమ్మ నోటికి జడిసి వాడలో కుక్కలు కూడా పక్క సందులోంచి పోయేవని అనేవాళ్లు. అననీ. ఆ నోరే లేకపోతే, దేవరకొండకు నాలుగు కోసుల దూరంలో ఉన్న ఆ సాలెవాడలో పద్దెనిమిది ఇళ్ల మీద పొగగొట్టాలు లేచేవా? పొయ్యి ముందు కూర్చుని కళ్లు నలుపుకోవడం ఆడదాని పనిలో ఒక భాగమే అనుకుని బతుకుతున్న కొంపలవి.

అదంతా ఆమె కూతురు ఉప్పలమ్మ కోసం మొదలైంది. పదిహేనేళ్ల పిల్ల. ఊపిరి జబ్బు. పొయ్యి ముట్టించిన ప్రతిసారీ పిల్ల ఎదురొమ్ము ఎగిసెగిసి పడేది, మెడ నరాలు తాళ్లలా లేచేవి. కూర్చుంటే ఊపిరాడదు, పడుకుంటే అసలే ఆడదు. తల్లి వీపు రాస్తూ "పీల్చు బిడ్డా, జర పీల్చు" అనడం తప్ప ఇంకేం చేయగలదు? దవాఖానకు తీసుకుపోతే కంపౌండరు ఓ సీసా మందిచ్చి, పిల్లను పొగకు దూరంగా ఉంచమన్నాడు.

"పొగ లేకుంట వంట నువ్వొచ్చి చేస్తవా?" అని అక్కడే అడిగేసి వచ్చింది లక్ష్మీనర్సమ్మ. మనిషి అట్లాంటిది. కానీ తిరుగు దారిలో బండిలో కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఏడ్చిన ఏడుపు బండి తోలిన మనిషికే తెలుసు.

ఆ ఏడు, అంటే అరవై ఒకటో సంవత్సరం చలికాలంలో, బ్లాకు ఆఫీసు నుంచి గ్రామసేవిక శారదమ్మ వచ్చింది. బక్కపలచని మనిషి, భుజాన గుడ్డసంచి. ఇంట్లోకి పొగ రాని పొయ్యి కట్టడం నేర్పిస్తానంది. మట్టితో రెండు కళ్ల పొయ్యి, దాని వెనక ఇంటి కప్పు దాటి పైకి పోయే మట్టి గొట్టం. కట్టెలు సగానికి సగం మిగులుతాయంది. కప్పుకు బొక్క పెడితే లక్ష్మి పోతుందని ఒకరు, వాన కురుస్తుందని ఇంకొకరు, ఎవరికి తోచిన వంక వాళ్లు చెప్పారు. శారదమ్మ మొహం చిన్నబోయింది. లక్ష్మీనర్సమ్మ ఒక్కతే కొంగు దోపి ముందుకొచ్చింది.

"మా ఇంట్ల కట్టు తల్లీ. లక్ష్మి పోతే పోనియి, నా బిడ్డ ఉంటే సాలు."

కుమ్మరి ఐలేశం వెంటబడి గొట్టాలు చేయించింది. తనే మట్టి తొక్కింది. కొత్త పొయ్యి తడి ఆరిన మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం ఉప్పలమ్మ పడుకున్నది పడుకున్నట్టు మూడు గంటలు నిద్రపోయింది. ఇంత నిద్ర ఎన్నడూ ఎరగని తల్లి దగ్గరికి పరుగెత్తింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వెచ్చగా, నిమ్మళంగా ఊపిరి తగిలింది. అక్కడే చతికిలబడి నవ్వుకుంది పిచ్చిదానిలా.

ఇక ఆగుతుందా? ఇంటింటికీ తిరిగింది. "ఓ సైదమ్మా, నీ కండ్లు పుండ్లయిపోతున్నయి, నీ మొగనికి లేకుంటే నీకన్నా బుద్ధి లేదా?" అని గుమ్మంలో నిలబడి తిట్టి మరీ కట్టించింది. శారదమ్మ వెంట చుట్టుపక్కల గొల్లవాడలకు పోయి, తన బిడ్డను చూపించి చెప్పింది. ఇంకో మూడు ఊళ్లకు గొట్టాలు ఇప్పించమని కాగితం రాయించి, ఆడవాళ్లందరి చేత వేలిముద్రలు వేయించి బ్లాకు ఆఫీసులో ఇచ్చి వచ్చింది. ఏడు నెలలు ఉప్పలమ్మకు ఆయాసం రాలేదు. పిల్ల ఒళ్లు చేసింది. బుగ్గలొచ్చాయి. మగ్గం మీద కూర్చుని పాటలు కూడా తీసింది.

అప్పుడొచ్చి పడింది తంటా.

నేతగాళ్లకు పడుగు సాపడం అంటే పండగంత పని. తెల్లవారగానే వీధి పొడుగునా నూలు పోగులు కట్టి, వాటికి గంజి పూసి, ఇద్దరు చెరో పక్క నిలబడి కుంచెతో దువ్వుతూ ఆరబెట్టాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, పోగు పోగుకు అతుక్కుని పడుగంతా కట్టెలా బిగుసుకుపోతుంది. ఒక ఉదయం చెన్నయ్య పడుగు సాపాడు, తెల్లటి ధోవతుల పడుగు. చుట్టూ ఇళ్ల గొట్టాల్లోంచి మసి రాలి తడి గంజికి అంటుకుంది. చెన్నయ్య నెత్తి బాదుకున్నాడు. ఇంట్లో ఉండాల్సిన పొగను వీధిలోకి తెచ్చారని మగవాళ్లంతా లక్ష్మీనర్సమ్మ మీద పడ్డారు. గొట్టాలు పీకేయాలన్నాడు కులపెద్ద ధర్మయ్య.

ఆమె ఒప్పుకుంటుందా? ఉపాయం కూడా తనే చెప్పింది. "పడుగు దినం ఎవ్వరం పొయ్యి ముట్టియ్యం మామా. గొట్టంల ఉన్న పాత మసి గూడ గాలికి రాలకుంట పైన కుండ బోర్లిస్తం. గంజి ముందుగాలనే కాసుకుంటం. సరేనా?" ధర్మయ్య సరేనన్నాడు. ఎవరూ కాదనలేదు. గొట్టాలు నిలిచాయి. ఆమె గెలిచినట్టే సంబరపడింది.

శ్రావణంలో సిద్దయ్య పడుగు వచ్చింది. సిద్దయ్య ఆమె మొగుడు, నోట్లో నాలుక లేని మనిషి. వీధిలో గొట్టాలన్నిటి మీదా కుండలు బోర్లించారు. తన గొట్టం మీది కుండ తనే నిచ్చెన ఎక్కి బోర్లించింది లక్ష్మీనర్సమ్మ. మొగుడూ పెళ్లాలు చెరో పక్కన కుంచె పట్టారు. సాయం వచ్చినవాళ్లు అవతలి కొసన ఉన్నారు. ఉన్నట్టుండి గాలి తిరిగింది, దాని హోరులో ఈ కొస మాట ఆ కొసకు వినపడదు. పోగులు చూస్తుండగానే ఆరిపోతున్నాయి. గంజి చాలలేదు.

"ఉప్పలమ్మా! జరంత గంజి కాయి బిడ్డా!" అని కేకేసింది.

పిల్ల గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, గొట్టం మీద కుండ ఉంది గదనే."

"ముంతెడు గంజికేమైతది? పది చిదుగులు పెట్టు. తిప్పుడు మాత్రం ఆపకు, ఉండలు కడ్తది."

ఉండలు కట్టిన గంజి పూస్తే పడుగు పాడైపోతుంది. సాలోళ్ల పిల్లలకు అది ఉగ్గుపాలతో తెలిసిన సంగతి. పిల్ల లోపలికి పోయింది. ఆ వంటగదిలో ఇదివరకు కప్పులో ఒక గవాక్షి ఉండేది, ఉన్న పొగ కాస్త అందులోంచి పోయేది. గొట్టం వచ్చాక ఇంకెందుకని అది పూడ్చేశారు.

కాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది. "అమ్మా, పొగొస్తాంది."

"జర ఓపిక పట్టు బిడ్డా, అయిపాయె!"

ఆమె కుంచె ఆపలేదు. ఆపితే ఆ ఇంటికి మూడు నెలల తిండి ఎండి అతుక్కుపోతుంది. అవతలి పక్క సిద్దయ్య కూడా ఏదీ విననట్టే తల వంచుకుని దువ్వుతున్నాడు. ఇంకోసారి "అమ్మా" అని వినిపించింది, చిన్నగా. తర్వాత వినిపించలేదు. గంజి ఎంతకూ రాకపోయేసరికి "నిద్రపోయినవానే?" అని అరిచింది. వరస దువ్వడం ముగించి, కుంచె సైదమ్మ చేతిలో పెట్టి లోపలికి పోయింది.

గది నిండా పొగ. పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది, చేతిలో తెడ్డు. పెదాలు నల్లబడ్డాయి. దింపి పక్కన పెట్టిన గంజిలో ఒక్క ఉండ లేదు.

బండి కట్టారు. దేవరకొండ కనిపించకముందే పిల్ల ఊపిరి ఆగిపోయింది.

మూడో రోజు పిల్ల పేరు మీద మెతుకులు పిట్టకు పెట్టి వచ్చాక ధర్మయ్య గొట్టాలు పీకడానికి గడ్డపార తెప్పించాడు. గొట్టం పొయ్యే పిల్లను మింగిందని ఊరంతా అనుకుంటోంది. గవాక్షి ఉన్న రోజుల్లో దమ్ముతోనే అయినా పిల్ల బతికి ఉండేది కదా అన్నారు. ఆకలికి పిల్ల తనంతట తనే పొయ్యి ముట్టించిందని వాళ్లకు వాళ్లే అనుకున్నారు. లక్ష్మీనర్సమ్మ కాదనలేదు. కబురు తెలిసి పరుగున వచ్చిన శారదమ్మను వీధిలో నిలబెట్టి తలా ఒక మాట అంటుంటే, ఆమె తల వంచుకుని వింటోంది.

లక్ష్మీనర్సమ్మ గోడ పట్టుకుని లేచింది. ఊరుకుంటే తన మాట ఎవరికీ తెలియదు. ఊరుకుంటే రేపట్నుంచి సైదమ్మ మళ్లీ కళ్లు నలుపుకుంటుంది, మూడు ఊళ్ల కోసం పెట్టిన కాగితం చించేస్తారు, గొల్లవాడలో దగ్గే పిల్లలు దగ్గుతూనే ఉంటారు. నిజం చెబితే మొగుడు ముఖం చూస్తాడా?

"ఆ శారదమ్మనెందుకంటున్నరు? నన్ననుండ్రి." వాడంతా హడలిపోయే ఆ గొంతు ఇవాళ సగం కూడా లేవలేదు. "గొట్టం నా బిడ్డను ఏడు నెలలు బతికిచ్చింది. దాని మూతి మూసింది నేను. గవాక్షి పూడిపిచ్చింది నేను. పొయ్యి ముట్టియ్యమన్నది నేను. పొగొస్తాందే అమ్మా అంటే ఓపిక పట్టుమన్నది నేను. నా బిడ్డ నా మాట ఎన్నడు జవదాటలే మామా. గా కుండను పగలగొట్టు, గొట్టాన్ని ముట్టకు."

ధర్మయ్య చేతిలో గడ్డపార నేలకు ఆనింది. ఆయన దాన్ని భుజాన వేసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. వెనకే ఒక్కొక్కరూ కదిలారు. శారదమ్మ ఏడుస్తూ ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది.

లక్ష్మీనర్సమ్మ మొగుడి వైపు తిరిగింది. ఏమన్నా పడడానికి, కొట్టినా పడడానికి సిద్ధంగా నిలబడింది. అరుగు మీద కూర్చున్న సిద్దయ్య తలెత్తలేదు.

"రెండోసారి గూడ పిలిచింది," అన్నాడు. "నన్ను పిలిచింది. బాపూ అన్నది. నీకు అమ్మా అని ఇనబడ్డదేమో. నేను ఇన్న. పడుగు ఆరిపోతదని పోలే."