గాడి లేని బిళ్ళ

రిపేరు బల్ల తుడుస్తున్న అక్క చెయ్యి డబ్బా మూత దగ్గర ఆగిపోయింది.

నీళ్ళలో మునిగి పనిచేసేవాళ్ళు గాలి పీల్చుకునే రెగ్యులేటర్లు బాగుచేయడం ఆమె పని. సిలిండర్‌లోంచి ఉరుకుతూ వచ్చే గాలిని అణిచి, నోటికి మెత్తగా అందించే పరికరం అది. దాన్ని విప్పి, కడిగి, అరిగినవి మార్చి బిగిస్తుంది. తీసిన ప్రతి పాత భాగాన్నీ కత్తితో రెండుగా కోసి ఆ మూతలో పడేస్తుంది. కోసినదాన్ని ఇంకెవరూ పొరపాటున కూడా బిగించలేరు. తండ్రి పెట్టిన కట్టుబాటు అది. బల్లతో పాటే ఆమెకి వచ్చింది.

మూతలో పొద్దున తమ్ముడి రెగ్యులేటర్‌లోంచి తీసినవి ఉన్నాయి. పంటిగాట్లు పడి చిరిగిన నోటి రబ్బరు, సాగదీస్తే సన్నగా బీటలు తేలిన రింగులు, ఆకుపచ్చ చిలుము పట్టిన జల్లెడ. వాటి పక్కనే రెండు ముక్కలైన తెల్లబిళ్ళ. శనగబద్దంత కూడా ఉండదు గానీ, సిలిండర్ గాలినంతా కాసే తలుపు అదే. లోహపు అంచు నొక్కీ నొక్కీ దాని మీద గుండ్రంగా గాడి పడుతుంది. ఆ గాడి లోతైతే ఇక తలుపు సరిగా మూసుకోదు, గాలి ఆగకుండా ఉరికి సిలిండర్ ఖాళీ అయిపోతుంది.

ఆమె ఆ రెండు ముక్కల్నీ జతచేసి కిటికీ వెలుతురులో పెట్టింది. గాడి కనిపించలేదు. భూతద్దం తీసింది. గోటితో గీకి చూసింది. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారిపోయింది.

కోసింది కొత్తదాన్ని. పాతది తమ్ముడి రెగ్యులేటర్‌లోనే ఉండిపోయింది.

"అయ్యో, నా చేతులు పడిపోను!"

ఆమెకు పొద్దున్న జరిగిందంతా కళ్ళముందు కదిలింది. తమ్ముడు బల్లకి ఆనుకుని నిలబడి, ఎక్కడో దూరాన ఆనకట్ట పని ఒప్పుకున్నానని, వచ్చేవారమే ప్రయాణమని చల్లగా చెప్పాడు.

"నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదట్రా?"

"ఇప్పుడు చెబుతున్నాగా."

"ఇది చెప్పడమా? నిప్పు చెవిలో పోసి పారిపోవడం!"

"ముందే చెబితే గుమ్మానికి అడ్డం పడుకుంటావు. నేను పక్కవీధికెళ్ళినా నీ గుండె గొంతులోకొస్తుంది కదక్కా!"

పాతదాన్ని కోశాకే కొత్త పొట్లం విప్పాలి. ఆ మాటల వేడిలో ఆమె ముందే విప్పేసింది. రెండు బిళ్ళలూ కవలల్లా పక్కపక్కన పడ్డాయి. కళ్ళు తమ్ముడి మీద, కత్తి బిళ్ళ మీద. బిగించాక గాలి ఒత్తిడి చూపే గేజీలో ముల్లుని కాసేపు కనిపెట్టుకుని చూడాలి. బిళ్ళ అరిగినదైతే ముల్లు నిలబడదు, చీమ గోడెక్కినట్టు పైకి పాకుతుంది. ఆ కాసేపు కూడా ఆగకుండా "చాల్లే, పడవవాళ్ళు కాచుక్కూర్చున్నారు" అని వాడు లాక్కుపోయాడు. ఎప్పుడూ "వెళ్ళిరా" అనే అక్క ఇవాళ "పో" అంది.

మరదలికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మొగుడు నీళ్ళలో ఉండగా అతనికి కట్టిన తాడు గట్టు మీద పట్టుకునేది ఆమే; తాడు చేతిలో ఉన్నంతసేపూ ఆ పిల్ల ఫోన్ ఎత్తదు. ముక్కల్ని గుప్పిట్లో బిగించి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

రేవు గట్టు మీద మరదలు కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది. ఆమె చేతిలోని తాడు సరుకుల పడవ అడుగుకి పోయింది. పడవ అంచున బుడగలు గుప్పున లేచి, ఆగి, మళ్ళీ లేస్తున్నాయి.

"లాగవే! వాణ్ణి పైకి రమ్మను!"

"మొదలెట్టావా వదినా? పోయినసారి మబ్బు పట్టిందని లాగించావు. అంతకుముందు పీడకలొచ్చిందన్నావు. ఈసారి ఏం, పిల్లి ఎదురొచ్చిందా?"

"నా మాట వినవే తల్లీ!"

"నీ మాట మీద తాడు ముట్టుకుంటే ఊరుకోనని మీ తమ్ముడు ఒట్టేయించుకున్నాడు."

అక్క గుప్పిట విప్పి, మరదలి వేలు పట్టుకుని ఆ ముక్కల మీద రాయించింది. "గాడి తగిలిందా?"

మరదలు మళ్ళీ రాసి చూసింది. ముఖంలో నవ్వు ఆరిపోయింది. "ఇది కొత్తది కదా? మరి లోపల..."

మాట పూర్తికాకముందే, పైకి రమ్మని తనే తాడు గబగబా గుంజింది. కింద నుంచి బదులు గుంజు రావాలి. రాలేదు.

అప్పుడే నీళ్ళు మారాయి. బుడగల మధ్య ఎడం పోయింది. పడవ అడుగున పొయ్యి పెట్టినట్టు నీళ్ళు తుకతుకా మరిగాయి. అక్క తాడు అందుకుని బలమంతా పెట్టి లాగబోయింది.

"లాగకు వదినా! పడవ అంచుకి తట్టుకుంటే బిగుసుకుపోతుంది. ఆయన దీన్ని పట్టుకునే రావాలి. బిగువుగా పట్టుకో, అంతే."

పట్టుకుని ఊరుకోవడం! ఆమెకి బతుకులో చేతకానిది అదొక్కటే. పళ్ళు బిగపట్టి నిలబడింది. మరుగుతున్న నీళ్ళు మెల్లగా ఇటు జరిగాయి. ఇంకాస్త జరిగాయి. అంతలో బుడగలు ఆగిపోయాయి.

నీళ్ళు అద్దంలా అయ్యాయి.

తాడు ఒక్కసారి వణికింది. గట్టు పక్కన తమ్ముడి తల తేలింది. ఎర్రబడ్డ ముఖంతో దగ్గుతూ, ఉమ్ముతూ నిచ్చెన పట్టుకున్నాడు.

"ఇదేం గాలే అక్కా... తుఫాను!" మళ్ళీ దగ్గాడు. "ముందు రెగ్యులేటర్ ఈల వేసింది. ఇసక పట్టిందేమోనని అక్కడే కూర్చుని తట్టడం మొదలెట్టా. తాడు గుంజకపోతే ఇంకా తడుతూనే ఉండేవాణ్ణి."

"నావల్లేరా," అని అక్క గుప్పిట విప్పింది. వాడు ఆ ముక్కల్ని చూసి భార్య వంక చూశాడు. ఎవరూ వేళాకోళం ఆడలేదు.

తిరిగొచ్చాక బల్ల దగ్గర ఆమె రెగ్యులేటర్ విప్పి పాత బిళ్ళ తీసింది. గాడిలో గోరు దిగబడింది.

"అక్కడ ఆనకట్ట దగ్గర ఇవన్నీ నాకెవరు చేస్తారు?" అన్నాడు తమ్ముడు.

"నువ్వే. కూర్చో." కత్తి వాడి చేతిలో పెట్టింది. "పాతది కోశాకే పొట్లం ముట్టుకో."

"నీకంటే జాగ్రత్తగానే కోస్తాలే."

"అంతకంటేనా! కొయ్యి."

వాడు కోశాడు. పొట్లం విప్పి కొత్తది పెట్టి బిగించాడు. గాలి వదిలాడు. ముల్లు లేచి నిలబడగానే గేజీ విప్పబోతే, అక్క వాడి మణికట్టు పట్టుకుంది.

"ఆగు."

ముగ్గురూ ముల్లు వైపే చూస్తూ నిలబడ్డారు. ముల్లు కదల్లేదు. ఇంకా కాసేపు చూశాక అక్క వాడి చెయ్యి వదిలింది.

"వచ్చేవారం ఏ రోజురా ప్రయాణం?" అంది, ముల్లు మీంచి చూపు తిప్పకుండా.