అద్దం తుడిచిన చోట్లు

మా బావమరిది కళ్లు పక్కల నుంచి మూసుకొస్తున్నాయి. ముందు రాత్రిపూట కనపడడం మానేసింది. తర్వాత పగలు కూడా ఎదురుగా ఉన్నదే తప్ప పక్కనున్నది తెలియడం లేదు. దారం చుట్టే కండె మధ్య బొర్రలోంచి, ఆ సన్నటి కన్నంలోంచి చూస్తున్నట్టు ఉంటుందనేవాడు. ఆ బొర్ర కూడా నెలనెలా సన్నబడుతోంది. మందు లేదని డాక్టరు చెప్పేశాడు.

వాడూ నేనూ ఒకే నూలు మిల్లులో పనిచేశాం. ఎప్పుడూ రాత్రి షిఫ్టే. కిటికీ అద్దాలకు రంగు పూసి ఉండేది. మిల్లు మూతబడ్డాక వాడొక పాత కెమెరా కొన్నాడు, రాత్రి కనపడని ఆకాశాన్ని పగలు ఫోటోలో చూద్దామని.

"ఇన్నేళ్లూ నెత్తిమీద ఏముందో తలెత్తి చూడలేదు బావా. ఒక్కటి సరిగ్గా చూసి అప్పుడు మూసుకుంటా కళ్లు" అన్నాడు.

కెమెరాను ధ్రువ నక్షత్రం వైపు తిప్పి కదలకుండా నిలబెట్టాలి. రాత్రంతా ఫోటో వెనక ఫోటో తియ్యాలి. అన్నీ కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఒక్కో చుక్క నడిచిన దారి ఒక్కో గీతగా పడుతుంది. పూర్తి చక్రం రాదు, రాత్రి అంత పొడుగుండదు. విల్లులా వంగి వస్తాయి. ఇదంతా మా వీధి చివర ఫోటో స్టూడియో ఆవిడ వాడికి చెప్పింది. ఆపకుండా తియ్యమంది.

చంద్రుడు లేని రాత్రి చూసుకుని మూసేసిన మిల్లు ఆవరణలోకి వెళ్లాం. అక్కడ ఒక్క దీపం లేదు. వాడు నా భుజం పట్టుకుని నడిచాడు. పొగగొట్టం మీదుగా ధ్రువ నక్షత్రాన్ని నేను చూపించాను. మీటలన్నీ వాడు వేళ్లతోనే పట్టేశాడు.

ఒక ఫోటో అయ్యేది. టక్కుమనేది. వాడు జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, అద్దం మీద ఊది, చుట్టూ తిప్పి తుడిచి, అప్పుడు మళ్లీ నొక్కేవాడు. మిల్లులో కండెలు నిండి మిషను ఆగితే, దూది ధూళి తుడవకుండా మళ్లీ నడపనిచ్చేవాళ్లు కాదు. ఆ చేతులు అవి.

"మంచు పడుతోంది బావా. తుడవకపోతే మసకొస్తుంది."

"ఊఁ."

"ఊఁ ఏంటి ఊఁ! మాటలు తూకమేసి అమ్ముతున్నావా? పక్కన మనిషున్నాడో పోయాడో తెలియాలి కదా నాకు."

"ఉన్నాను."

"అబ్బో, ఇంకో మాట! ఇవాళ్టికి చాలు, అలిసిపోతావు."

తుడవడం మంచిదేననుకున్నాను నేను కూడా.

పొద్దున వాడు ఇంటికొచ్చి పడుకున్నాడు. నేనూ మా ఆవిడా స్టూడియోకి వెళ్లాం. మా ఆవిడకి వాడు సొంత తమ్ముడు. స్టూడియో ఆవిడ సాయంత్రందాకా కూర్చుని ఫోటోలన్నీ పేర్చి చూపించింది. గీతలు గీతల్లా లేవు. సూదితో కుట్లు వేసినట్టు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి.

"మధ్యమధ్యలో ఏం చేశారండీ?"

"తుడిచాం."

"మీరు తుడిచినంతసేపూ చుక్కలు ఆగుతాయా?"

ఆ ఫోటోనే చిన్న కాగితం మీద వేసి ఇచ్చింది. దారిలో మా ఆవిడ అంది, "వాడితో అనకండి. కూలిపోతాడు."

ఇల్లు చేరేసరికి వెలుగు పోయింది. గదిలో బల్బు వెలుతురు వాడికి చాలదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఎలా వచ్చిందక్కా? గీతలు తెగలేదుగా?"

"ఎందుకు తెగుతాయిరా? పట్టుదారంలా సాగాయి."

"బావా?"

నేను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను.

"ఉలకడు పలకడు. వంక దొరికుంటే ఈపాటికి అనేసేవాడే" అని వాడు నవ్వడం వినపడింది.

తెల్లవారి వాడు గుమ్మంలో ఎండలో నిలబడి, చెయ్యి బారచాపి ఫోటో దూరంగా పట్టుకున్నాడు. అంత దూరంలో పెడితే మొత్తం ఆ బొర్రలో పడుతుంది. చాలాసేపు చూశాడు. తర్వాత బోర్లా తిప్పి అరుగు మీద పెట్టాడు.

"అక్కా, దారం తెగితే చెయ్యెత్తి చెప్పాలి. దాచినవాణ్ణి మిల్లులో ఎవరూ పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు కాదు."

"నీ కోసమేరా."

"అవును. అందరూ నా కోసమే."

తర్వాతి అమావాస్యకు మబ్బు పట్టింది. ఆ తర్వాతిదానికి ఆకాశం తేటగా ఉంది. అప్పటికి వాడి బొర్ర మూసుకుపోయింది. కిటికీ ఎటుందో కూడా తెలియదు.

"పద" అన్నాను.

"ఎవరు చూడ్డానికి?"

నేను చెయ్యి పట్టుకుని లేపాను. వచ్చాడు.

ఈసారి కెమెరా మెడకు వేడినీళ్ల సంచి చుట్టి కట్టాను, మంచు పట్టకుండా. మీట నేనే నొక్కాను. ఒకటయ్యీ కాకముందే ఇంకొకటి. వాడు పక్కన కూర్చున్నాడు. టక్కుమన్నప్పుడల్లా వాడి చెయ్యి జేబులోకి వెళ్లేది. మళ్లీ వెనక్కి వచ్చేది.

గీతలు కలిశాయి. ఎక్కడా తెగలేదు. నేను కళ్లజోడు పెట్టుకుని ఒక్కోటీ చివరిదాకా చూశాను. పెద్ద కాగితం మీద వేయించి వాడి చేతుల్లో పెట్టాను.

"కలిశాయి" అన్నాను.

"అక్క కూడా అదే అంది."

"నిజం."

"నువ్వు అబద్ధమాడవు బావా, తెలుసు. అందుకే మొన్న నువ్వు నోరు మెదపకపోతే సంబరపడ్డాను."

స్టూడియో ఆవిడని పిలుచుకొచ్చాను. ఆవిడా చెప్పింది. "మిమ్మల్ని కూడా లాక్కొచ్చాడా అమ్మా?" అని వాడు కుర్చీ చూపించబోయాడు. అక్కడ కుర్చీ లేదు.

వాడి వేలు పట్టుకుని ఒక గీత వెంట నడిపించాను. మొదటి నుంచి చివరిదాకా. కాగితం అంతా ఒకేలా నున్నగా ఉంది. వాడు వేలు వెనక్కి తీసుకున్నాడు.

"పోనీలే బావా. కలిసిందనే అనుకుందాం."

తిట్టినా బాగుండేది.

మా ఆవిడ ఆ ఫోటోను ముందుగదిలో తగిలించింది. వచ్చినవాళ్లు దాని ముందు ఆగుతారు. ఎవరు తీశారని అడుగుతారు. నేను వాడి వైపు చూపిస్తాను. బాగుందండీ అంటారు వాళ్లు.

"అవునట" అంటాడు వాడు.