బనగానపల్లె డబ్బా

శుక్రవారం పదకొండు గంటల ఆటకు ఆత్మకూరు థియేటర్లో నాలుగు వందల పన్నెండు మంది కూర్చున్నారు. హాలు నిండి ఆరు నెలలైంది.

పైన ప్రొజెక్టర్ గదిలో ఓబుళేశు ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడ ఆపరేటర్ ఆయనే. హాలు కేశవది. రెండేళ్ల కిందట హైదరాబాదులోని ఒక థియేటర్ల కంపెనీకి లీజుకిచ్చాడు. ఏ సినిమా వేయాలో, ఎన్నాటలు వేయాలో కంపెనీయే చెబుతుంది. ఏడాదిలో మూడుసార్లు ఆట ఆగితే హాలు వదిలేస్తామని ఒప్పందంలో రాసుకున్నారు. ఈ ఏడాది అప్పటికే రెండుసార్లు ఆగింది.

బుధవారం పాత సినిమా ఆఖరి ఆట అయ్యాక సర్వరు చెడిపోయింది. సర్వరంటే ప్రొజెక్టర్ పక్కనుండే ఇనుప డబ్బా. సినిమా ఎక్కేది దాంట్లోకే. కంపెనీకి చెబితే మెకానిక్ వచ్చేసరికి శనివారం అవుతుంది. ఓబుళేశు కంపెనీకి చెప్పలేదు, కేశవకూ చెప్పలేదు. బనగానపల్లెలో మూతపడిన థియేటర్ ఓనరు చిన్నన్నను అడిగి, అక్కడి డబ్బాను మోటారు సైకిలు మీద తెచ్చి బిగించాడు. రీళ్ల కాలంలో ఈ చుట్టుపక్కల థియేటర్లన్నీ అట్లే నడిచాయి. ఆత్మకూరు లెన్సుతో బనగానపల్లెలో ఆట ఆడేది. వాళ్ల ప్రొజెక్టర్ బెల్టు ఇక్కడ తిరిగేది. గురువారం ప్రకటనలు వేసి చూస్తే బొమ్మ పడింది. కొత్త సినిమా కూడా ఎక్కింది.

శుక్రవారం పది గంటలకు కంపెనీ మెయిల్లో కీ పంపింది. కీ అనేది చిన్న ఫైలు. అది లేనిదే సినిమా తెరుచుకోదు. ఓబుళేశు దాన్ని డబ్బాలో వేశాడు. డబ్బా తీసుకోలేదు. నాలుగుసార్లు వేశాడు.

పదకొండుంబావుకు కింద ఈలలు మొదలయ్యాయి.

"ఏమప్పా, బొమ్మ పడతాదా, నంద్యాలకు పొమ్మంటావా?" అన్నారెవరో. "ఆపరేటరన్న నిద్రపోతాండాడు, లేపండి" అన్నారింకెవరో. హాలంతా నవ్వింది.

కేశవ మెట్లెక్కి వచ్చి కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల హర్షిణి అనే ఉద్యోగి. డబ్బా మీది నంబరు చదవమంది. కేశవ ఫోన్ ఓబుళేశు చేతికిచ్చాడు.

పాత డబ్బా నంబరు ఓబుళేశుకు నోటికి వచ్చు. అది చెబితే ఆ పూటకు తప్పు బయటపడదు. సినిమా మాత్రం తెరుచుకోదు. ఆయన వంగి బనగానపల్లె డబ్బా మీదున్న నంబరు చదివాడు.

"ఇది బనగానపల్లె థియేటర్‌ది కదండీ?"

"అవునమ్మా."

"మాకు చెప్పలేదేం?"

"చెప్తే ఆట ఆగిపోతాదని చెప్పలేదమ్మా."

ఒక డబ్బాకు చేసిన కీ ఇంకో డబ్బాకు పనికిరాదని ఆమె వివరించింది. కొత్త కీ సినిమా తీసినవాళ్లు పంపాలి, అది రేపు మధ్యాహ్నానికి గానీ రాదు, ఈ ఆట ఆగినట్టే రాసుకోవాలి అంది. సారీ అని రెండుసార్లు అంది.

కేశవ ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "నన్నొక మాట అడగల్ల గదప్పా" అన్నాడు.

"ఇరవై ఎనిమిదేండ్లలో ఎప్పుడన్నా అడిగినానా అన్నా?"

పన్నెండుకల్లా అందరికీ టిక్కెట్ల డబ్బులు తిరిగిచ్చేశారు. కొందరు నంద్యాల బస్సెక్కారు.

తొమ్మిదో రోజు హాలు వదిలేస్తున్నామని కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఆ మరుసటి వారం వీరభద్ర అనే ఉల్లిగడ్డల వ్యాపారి గోడౌను కోసం హాలు చూడటానికి వచ్చాడు. కుర్చీలు తీయించాలన్నాడు, తెర గోడకు కిటికీలు కొట్టాలన్నాడు. పొడవు కొలవాలంటే రెండో మనిషి కావాల్సి వచ్చింది. టేపు అవతలి కొసను ఓబుళేశు పట్టుకున్నాడు.